రంగుది, మట్టిది

లాండ్రీ షాపు, మేడ మీద గది

మట్టిదానా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటని కంగారుపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్లో మాట్లాడితే నాన్న పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. మధ్యలో "ఎవరు, మ్యూజియం వాళ్లా?" అంటాడు. ఆయన ముందు ఆయన గురించి మాట్లాడటం నాకు చేతకాదు. అందుకని గిరాకీ లేనప్పుడు కౌంటర్ దగ్గర కూర్చుని రాస్తున్నాను.

మొన్న పొద్దున నేను పైన బట్టలు ఆరేస్తుంటే నాన్న కిందికి దిగాడు. ఇస్త్రీ అయిన చొక్కాలన్నీ అరల్లోంచి తీసి బల్ల మీద పరిచాడు. నంబరు చీటీలన్నీ పిన్నులతో సహా ఊడబెరికి ఒక గ్లాసులో వేశాడు. తర్వాత ఆ చొక్కాలను తన పద్ధతిలో గుంపులు చేశాడు. నేను వచ్చేసరికి చేతులు దులుపుకుంటున్నాడు.

"ఇదివరకు ఎవరు సర్దారో గానీ అంతా తప్పుల తడక. రంగు చూసి సర్దితే ఎట్లాగండీ? కాలర్లు చూడాలి, కాజాలు చూడాలి" అన్నాడు.

"ఆ చీటీలు ఎందుకు పీకావు నాన్నా?" అంటే, "చీటీ ఎవడైనా రాస్తాడు. ఒంటిని చూడాలి" అన్నాడు.

మీ బావ వ్యాన్‌లో సరుకు వేసుకుని వేరే ఊరు వెళ్లాడు. ఆ రోజంతా వచ్చిన ప్రతివాడినీ మీ చొక్కా మీరే గుర్తుపట్టండి బాబూ అని బతిమాలుకున్నాను. ఒకాయన తనది కాని చొక్కా తొడిగి చూసుకుని, ఇదే బాగుందని పట్టుకుపోయాడు. నువ్వు నవ్వుకో. నేనూ నవ్వాను గానీ, ఆ రోజు కాదు.

అసలు సంగతికి వస్తాను. ఎండలు ముదిరేలోగా నువ్వు నాన్నను కొన్నాళ్లు నీ దగ్గర పెట్టుకోవాలి. ఎందుకని గుచ్చి గుచ్చి అడగకు. అలిసిపోయాననుకో. ఇంతవరకు నిన్ను ఏమైనా అడిగానా?

రంగుది


మ్యూజియం, వెనక గది

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు రాయడం ఆలస్యమైంది. రాద్దామని కూర్చోవడం, లేచిపోవడం. చొక్కాల సంగతి చదివి ఈ గదిలో ఒక్కదాన్నే పైకి నవ్వాను. మా కళ్లజోడు సారు తలుపు తోసి చూసి వెళ్లిపోయారు. నేను నవ్వగలనని ఆయనకు ఇప్పుడే తెలిసి ఉంటుంది.

నాన్న అన్నది తప్పు కూడా కాదు. మేం ఇక్కడ చూసే గెంతే సాలీళ్లను అలాగే సర్దాలి. స్పిరిట్‌లో పడితే రంగు వెలిసిపోతుంది. ఆడదానికైతే పొట్ట కింద చిన్న పలక లాంటిది ఉంటుంది. మగదానికి మూతి పక్కన బొడిపెల చేతులుంటాయి. వాటి తీరును మైక్రోస్కోపులో చూసి ఏ జాతో తేలుస్తాం. చిక్కేమిటంటే, ఆడదాన్ని చూసి దాని మగది ఎలా ఉంటుందో చెప్పలేం. మగదాన్ని చూసి ఆడదాన్నీ చెప్పలేం.

సారు నాకు నాన్న ఇక్కడ పనిచేసినప్పటి అల్మరా అప్పగించారు. నాన్న తన వ్యాసంలో పేర్లు పెట్టిన జాతులన్నిటినీ మళ్లీ చూసి, ఏది నిలుస్తుందో ఏది నిలవదో రాయాలి. వాటిలో మన ఇద్దరివీ ఉన్నాయి. నీ పేరు పెట్టినది ఎర్ర వీపుతో, పచ్చ మెరుపుతో ఉంటుంది. నాన్నకు అది మగది ఒక్కటే దొరికింది. నా పేరు పెట్టిన మట్టిరంగుది ఆడది మాత్రమే దొరికింది. నీదానికి ఆడదీ, నాదానికి మగదీ ఈనాటికీ ఎవరికీ కనబడలేదు.

ఇప్పుడు ఆ మట్టిది బతికున్నది దొరికింది అక్కా. మా గది కిటికీ చెక్క వెనకే, గుడ్ల గూడుతో సహా. పిల్లలు పెద్దవైతే వాటిలో మగవి ఎలా ఉంటాయో తేలుతుంది. అవి పెరిగేదాకా రోజూ మేత వేయాలి. వేరే ఎవరూ వేయరు. పైగా నేనుండేది ఆడవాళ్ల హాస్టల్. తండ్రినైనా గేటు పక్క బెంచీ దాకానే రానిస్తారు.

అందుకని ఇప్పుడే కదలలేను. ఏమీ అనుకోకు.

మట్టిది


లాండ్రీ షాపు, మేడ మీద గది

ఒసే మట్టిదానా,

బాగుంది పంపకం. సాలీడు పిల్లలకు మేత నువ్వు వేస్తావు, నాన్నకు నేను వేస్తాను.

ఇంతకీ ఇన్నేళ్లకు చెబుతావా, నా పేరు పెట్టింది మగదానికని! మీ బావతో అంటే, "నాకెప్పుడో అనుమానం వచ్చింది" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ రోజు ఆయన చొక్కాకు ఇస్త్రీ చెయ్యలేదు.

నీకు గుర్తుందో లేదో, నాన్న ఆ వ్యాసం అచ్చయి వచ్చిన రోజు బొమ్మల పేజీ తీసి మనిద్దరికీ చూపించాడు. "ఇది పెద్దది, ఇది చిన్నది" అని వేలుపెట్టి చెప్పాడు. నీ బొమ్మ చూసి నువ్వు నేల మీద దొర్లి దొర్లి ఏడ్చావు. "నాకు మట్టిది వద్దూ, అక్కది కావాలీ" అని ఒకటే రాగం. అమ్మ మంచినీళ్లు తాగించింది. నేను ఊరుకున్నానా, ఆ రోజు నుంచే నిన్ను మట్టిదానా అని పిలవడం మొదలుపెట్టాను. తర్వాత అందరికీ అదే అలవాటైంది. ఇప్పుడు నీ ఉత్తరాల కింద నువ్వే రాసుకుంటున్నావు.

నాన్న ఈ మధ్య అన్నం తిన్నాక తినలేదంటాడు, తినకముందు తిన్నానంటాడు. గోడ మీద ఏదైనా కదిలితే మాత్రం ఇట్టే కనిపెడతాడు. గ్లాసు బోర్లించి, దాని కింద అట్టముక్క దూర్చి, పట్టుకుని, చూసి, వదిలేస్తాడు. అప్పుడు ఆయన చెయ్యి వణకదు.

నాకు మేడ మెట్లు ఎక్కడం కష్టంగా ఉంది. మధ్యలో కూర్చుంటున్నాను. బట్టలు తెచ్చినవాళ్లు అక్కడికే వచ్చి ఇచ్చిపోతున్నారు. మహారాణిలా ఉన్నావు అంది పక్కింటి టైలరు.

నీ పిల్లలు ఎప్పటికి పెద్దవవుతాయో రాయి. సరిగ్గా రాయి, దాటవేయకు.

రంగుది


మ్యూజియం, వెనక గది

అక్కా,

ముందు పిల్లల సంగతి రాస్తాను. ఒకే సీసాలో ఉంచితే ఒకదాన్ని ఒకటి తినేశాయి. మిగిలినవాటిని తలా ఒక సీసాలో పెట్టి, తడిపిన దూది వేశాను. ముగ్గిన పండు తొక్కల మీద చిన్న ఈగలను పెంచి వీటికి వేస్తున్నాను. గదంతా పులిసిన వాసన. సారు ఇప్పుడు తలుపు కూడా తోయడం లేదు, బయటి నుంచే మాట్లాడుతున్నారు.

ఇవి మనిషిని చూస్తాయి అక్కా. మిగతా సాలీళ్లు ఇలా చూడవు. ముందు రెండు పెద్ద కళ్లు, వాటి పక్కన చిన్నవి. నేను ఇటు జరిగితే ఇటు తిరుగుతాయి, అటు జరిగితే అటు. రోజంతా ఎవరితోనూ మాట్లాడని నాలాంటిదానికి ఇది కూడా బాగానే ఉంటుంది.

కుబుసం విడిచినప్పుడల్లా కొంచెం పెరుగుతూ వచ్చాయి. అన్నీ మట్టిరంగే. ఇంక వేరే రంగు రాదనుకున్నాను. నిన్న పొద్దున ఒక సీసా తీసి వెలుతురులో పెట్టాను. రాత్రి చివరి కుబుసం విడిచినట్టుంది. వీపు ఎర్రగా ఉంది. అది కదిలితే పక్కలు పచ్చగా మెరిశాయి.

సీసా మారిందేమో అనుకున్నాను. మారలేదు, చీటీ నేను రాసిందే. ఇవాళ ఇంకొకటి కూడా అలాగే మారింది. స్పిరిట్‌లో ఉన్న నాన్న మగదాన్ని తీసి పక్కన పెట్టి చూశాను. బొడిపెల చేతులు అచ్చం అవే.

నా మట్టిదాని కడుపున నీ రంగుది పుట్టింది. అవి రెండు జాతులు కావు, ఒకే జాతిలో ఆడా మగా. నాన్న ఒకే సాలీడుకు రెండు పేర్లు పెట్టాడు.

ఒక జాతికి రెండు పేర్లు ఉండకూడదు. మామూలుగా ముందు అచ్చయిన పేరు ఉంటుంది, రెండోది పోతుంది. ఇక్కడ రెండూ ఒకే వ్యాసంలో ఒకే రోజు వచ్చాయి. అలాంటప్పుడు, రెండూ ఒకటేనని మొదట కనిపెట్టి అచ్చువేసిన మనిషి ఏ పేరు ఉంచమంటే అదే ఉంటుంది. తర్వాత ఎవరూ మార్చడానికి లేదు.

ఆ మనిషిని నేనే అయ్యాను. సారుకు ఇంకా చెప్పలేదు. నాన్నకు నువ్వు చెప్పకు.

మిగతావి కూడా పెద్దవైతే గానీ ఈ పని అయినట్టు కాదు.

మట్టిది


లాండ్రీ షాపు, మెట్ల మీద

చెల్లీ,

ఉంచుకో, నీ పేరే ఉంచుకో. చిన్నప్పుడు ఏడ్చిన ఏడుపుకు ఇప్పుడు తీరుతుంది. నాకు ఏ పేరూ వద్దు. పడుకుంటే ఎవరూ లేపకుండా ఉంటే చాలు.

"మిగతావి కూడా పెద్దవైతే గానీ" అని రాశావు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం మడిచేశాను. మళ్లీ విప్పడానికి ఒక పూట పట్టింది.

ఎందుకని అడగకు అని నేనే రాశాను గనుక నువ్వు అడగలేదు. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, చెప్పిన మాట వింటావు. ఇప్పుడు చెబుతాను. నాకు గర్భసంచిలో గడ్డ ఉంది. ఒంట్లో రక్తం నిలవడం లేదు. మెట్ల మధ్యలో కూర్చునేది అందుకే. ఆపరేషన్ చెయ్యాలని డాక్టరమ్మ ఎండల ముందే చెప్పింది. తేదీ ఇస్తే నాన్నను చూసేవాళ్లు లేరని వాయిదా వేయించుకున్నాను. మళ్లీ ఇచ్చింది, మళ్లీ వేయించుకున్నాను. ఈసారి ఆమె కోప్పడలేదు. పెన్ను కింద పెట్టి నా మొహం చూస్తూ కూర్చుంది. అప్పుడు భయం వేసింది.

నీకు ముందే ఎందుకు రాయలేదంటావా? రాస్తే జాలిపడి పరుగెత్తుకొస్తావు. అక్క అడిగింది గదా అని నీ అంతట నువ్వే వస్తే బాగుండునని నాకొక పిచ్చి ఆశ. ఆ ఆశ కూడా పోయింది. జాలిపడి వస్తావో, విసుక్కుంటూ వస్తావో, నీ ఇష్టం. ఎలా వచ్చినా సరే.

సాలీళ్లను కూడా తెచ్చుకో. ఇక్కడ ఈగలకేం కొదవ లేదు.

అక్క


మ్యూజియం, వెనక గది

అక్కా,

సెలవు పెట్టాను. సారు చీటీ చదివి, "తిరిగి వచ్చేది ఎప్పుడని రాయలేదేమ్మా?" అన్నారు. "తెలియదండీ" అన్నాను. సంతకం పెట్టేశారు. వ్యాసంలో ఏ పేరు ఉంచుతావని అడిగారు. దానికీ తెలియదన్నాను. "ఆ ఒక్క వాక్యం ఖాళీగా వదిలెయ్యి, మిగతాదంతా అచ్చుకు తయారు చేస్తాను" అన్నారు.

సాలీళ్లు సాకు కాదు. కానీ పూర్తిగా నిజమూ కాదు. కిందటిసారి నేను వచ్చినప్పుడు నువ్వు షాపులో ఉన్నావు. నేను నాన్నకు గోళ్లు తీస్తున్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, చాలా మర్యాదగా, "మీరు ఏ సెక్షన్ అమ్మా?" అని అడిగాడు. నన్ను మీరు అన్నాడు. నేను మిగతా గోళ్లు తీసి, బస్సెక్కి వచ్చేశాను. నీకు చెప్పలేదు. నిన్ను గుర్తుపడతాడు, నన్ను గుర్తుపట్టడు, ఇంక నేను ఎందుకు రావాలి అనుకున్నాను. అక్కది కావాలి అని ఏడ్చే బుద్ధి ఇంకా పోలేదు కాబోలు.

బస్సు దిగి నేరుగా వస్తాను. సీసాలు చేతిసంచిలో ఉంటాయి, ఆ సంచి మీద ఎవరినీ కూర్చోనివ్వకు. డాక్టరమ్మకు కబురు పంపు. ఈసారి వాయిదా లేదని చెప్పు.

చెల్లి


లాండ్రీ షాపు, మేడ మీద గది

అక్కా,

బావ చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. ఆపరేషన్ అయింది గనుక నిన్ను మాట్లాడించవద్దని డాక్టరమ్మ చెప్పారట, చదివితే తప్పు లేదన్నారట. తీసిన గడ్డ కోడిగుడ్డంత ఉందని బావ చెప్పాడు. చెబుతూ గోడకేసి తిరిగాడు. ఆయన వ్యాన్ ఆపేసి షాపు చూస్తున్నాడు. చొక్కాలు మడతపెట్టడం రాదు గానీ, వచ్చినవాళ్లను నవ్విస్తున్నాడు.

నాన్న బాగున్నాడు. మొదటి రోజు నిన్ను వెతికాడు. "ఆవిడ రాలేదేం?" అని అడిగాడు. వస్తుంది, కొంచెం నలతగా ఉందని చెప్పాను. నువ్వు ఎలా చేస్తున్నావో తెలియదు అక్కా. స్నానానికి ఒప్పించేసరికే నాకు తల తిరిగింది. ఆయన్ను పడుకోబెట్టి మెట్ల మీద, నువ్వు కూర్చునే చోట, కాసేపు కూర్చున్నాను. అక్కడ గోడకు తల ఆనుకున్నచోట సున్నం నున్నగా అరిగి ఉంది. నీ తలే అయి ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఏం మాట్లాడాలో తెలియక సాలీళ్లను తీశాను. గాజు మూత ఉన్న పెట్టెలో ముందు మట్టిదాన్ని, తర్వాత రంగుదాన్ని వదిలాను. నాన్న ముందుకు వంగాడు. రంగుది ఆగి, ముందు కాళ్లు రెండూ పైకెత్తి, అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసి ఆడింది. మట్టిది కదలకుండా చూస్తూ ఉంది.

"ఆడా మగా. ఒకటే జాతి" అన్నాడు నాన్న. చూపు తిప్పకుండానే అన్నాడు.

"మరి రెండు పేర్లు పెట్టారు కదండీ" అన్నాను. నేను కూడా ఆయన్ను మీరు అంటున్నాను, అలా అంటేనే మాట్లాడుతున్నాడు.

"ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. దొరికింది ఒక్క జాతి సాలీడు. ఏం చెయ్యమంటారు? పెద్దదానికి పెడితే చిన్నది ఊరుకోదు. అది అసలే ఏడుపుగొట్టుది."

ఆయన నా వైపు తిరిగాడు.

"మీరు ఏ సెక్షన్ అమ్మా?"

"సాలీళ్ల సెక్షనండీ."

"మంచిది. కొత్తవాళ్లు ముందు రంగు చూసి మోసపోతారు. జాగ్రత్త" అని, అన్నం తినలేదన్నాడు. తిన్నాడు, నేనే పెట్టాను.

అప్పట్లోనే తెలిసి రెండు పేర్లు పెట్టాడో, తెలియక పెట్టి నిన్న ఆ ఆట చూశాక ఇలా అన్నాడో, నాకు తెలియదు. ఇంక తెలిసే దారి కూడా లేదు. తెలిసి చేస్తే మాత్రం పెద్ద తప్పు. సారు వింటే కళ్లజోడు కింద పడేస్తారు. నేను చెప్పను.

ఆ ఖాళీ వాక్యం ఇవాళ పూర్తి చేసి పంపించాను. నీ పేరు ఉంచాను. కారణం రాయాలన్న నియమం లేదు, అందుకని నువ్వు కూడా అడగవద్దు. నా పేరు ఏమైపోతుందో అని బాధపడకు. పోయిన పేరును కొట్టేయరు. ఇక ముందు ఈ సాలీడు గురించి ఎవరు ఎక్కడ రాసినా, పైన నీ పేరు వేసి, దాని కిందే కొంచెం లోపలికి జరిపి నా పేరు వేయాలి. నీ కిందే, ఎప్పటికీ.

త్వరగా లేవమని చెప్పను. నిదానంగా లే.

మట్టిది


ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం

మట్టిదానా,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు కొండెక్కుతుంటే సర్దుకుని చదువుకో. నర్సు చూస్తే పెన్ను లాక్కుంటుంది.

కారణం అడగనులే.

ఒక్క మాట మాత్రం రాయాలి. నాన్న నన్ను గుర్తుపడతాడని రాశావు. నా పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో నాకే తెలియదు. "షాపావిడ" అంటాడు. "షాపావిడా, మీ పిల్లలు బాగున్నారా?" అంటాడు. లేరండీ అంటాను. "మాకు ఇద్దరు" అని మన కబుర్లు నాకే చెబుతాడు. నీ ఏడుపు కథ ఆయన నోట రోజూ వింటాను. నీకు రాయలేదు. ఇద్దరిలో ఒకరినైనా గుర్తుపడుతున్నాడని నువ్వు అనుకుంటుంటే, అదైనా మిగలనీ అనిపించింది.

కాబట్టి ఏ సెక్షన్ అంటే ఏడవకు. ఆయన అడగడం మానేసిన రోజు ఇద్దరం కలిసి ఏడుద్దాం.

స్నానానికి మొండికేస్తే నీళ్లు వేడిగా ఉన్నాయో లేదో కాస్త చూసి పెట్టండి సార్ అను. చెయ్యి పెట్టి చూస్తాడు, తర్వాత ఆయనే పోసుకుంటాడు. అన్నం తినలేదంటే కాదనకు, ఇంకో ముద్ద పెట్టు.

నన్ను ఇప్పట్లో పంపరట. పంపినా మెట్లు ఎక్కకూడదట. ఉండిపోగలవా అని అడగడం లేదు. నీ సంచిలో ఇంకా పెద్దవి కాని సాలీళ్లు ఉన్నాయని బావ చెప్పాడు. అవి పెరిగేదాకా నువ్వు కదలలేవు కదా.

ఇక్కడ నిద్ర బాగా పడుతోంది. మళ్లీ పడుకుంటాను.

రంగుది